గృహప్రవేశానికి ముందే ఖరారయ్యే కర్బన భారం: కల్వకుర్తి ప్రాంత ఇళ్ల నిర్మాణంపై ఒక పరిశీలన

కల్వకుర్తి: సొంత ఇల్లు కట్టుకోవాలనుకునే కుటుంబం సాధారణంగా రెండు లెక్కలు వేసుకుంటుంది. నిర్మాణానికి ఎంత ఖర్చవుతుందన్నది మొదటిది. ఆ ఇల్లు ఎన్నేళ్లు నిలుస్తుందన్నది రెండవది. వాతావరణ మార్పుల నేపథ్యంలో వీటికి ఇప్పుడు మూడవ లెక్క తోడైంది. ఇంటికి వాడే సిమెంటు, ఇనుము, ఇటుకలు తయారై, రవాణా అయి, గోడగానో పైకప్పుగానో మారే క్రమంలో గాలిలోకి చేరే కార్బన్ డయాక్సైడ్ ఎంత అన్నదే ఆ లెక్క. నాగర్‌కర్నూల్ జిల్లాలోని కల్వకుర్తి వంటి రెవెన్యూ డివిజన్ కేంద్రానికి ఈ విషయం దూరమైనదిగా తోచవచ్చు. అయితే రాష్ట్రవ్యాప్తంగా పేదల ఇళ్ల నిర్మాణం పెద్దఎత్తున సాగుతున్న సమయంలో దీన్ని అంచనా కట్టే పద్ధతిని అధికారులు, పాత్రికేయులు తెలుసుకోవలసిన అవసరం ఏర్పడింది.

రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ప్రారంభించిన విషయం విదితమే. ఒక్కో ఇంటికి రూ.5 లక్షల ఆర్థిక సహాయంతో, శాసనసభ నియోజకవర్గానికి 3,500 చొప్పున, మొదటి విడతలో 4 లక్షల 50 వేల ఇళ్లు నిర్మించాలన్నది లక్ష్యం. ఇంటి విస్తీర్ణం కనీసం 400 చదరపు అడుగులు ఉండాలని నిర్దేశించారు. లబ్ధిదారులే స్వయంగా నిర్మించుకునే ఈ పథకంలో సామగ్రి ఎంపిక చాలావరకు కుటుంబం, మేస్త్రీ, స్థానిక ఇంజనీరు చేతుల్లో ఉంటుంది. ఇంటి కర్బన భారంలో తొలి భాగాన్ని, తిరిగి సరిదిద్దడానికి వీలులేని భాగాన్ని నిర్ణయించేది కూడా ఈ ముగ్గురే.

అంతర్నిహిత కర్బనం అంటే ఏమిటి?

ఒక ఇంటి జీవితకాలంలో వెలువడే కర్బనాన్ని నిపుణులు రెండు భాగాలుగా చూస్తారు. దీపాలు, ఫ్యాన్లు, వంట, నీటి మోటారు వంటి రోజువారీ అవసరాల వల్ల వెలువడేది వినియోగ కర్బనం. సామగ్రి తయారీ, రవాణా, నిర్మాణం, మరమ్మతులు, చివరకు కూల్చివేత వల్ల వెలువడేది అంతర్నిహిత కర్బనం, అనగా ఇంటిలో ఇమిడిపోయిన కర్బనం. మొదటిది నెలనెలా కొంచెం కొంచెంగా పెరుగుతుంది. రెండవదానిలో అత్యధిక భాగం గృహప్రవేశం నాటికే వెలువడిపోయి ఉంటుంది.

ఈ లెక్కకు అంతర్జాతీయంగా ఆమోదం పొందిన చట్రం ఉంది. 2006లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 14040, 14044 ప్రమాణాలు జీవితచక్ర మదింపుకు సూత్రాలను నిర్దేశించాయి. 2011లో వచ్చిన ఐరోపా ప్రమాణం ఇ.ఎన్. 15978 ఆ సూత్రాలను భవనాలకు అన్వయిస్తూ ఉత్పత్తి, నిర్మాణం, వినియోగం, జీవితాంతం అనే దశలుగా విభజించింది. మరమ్మతులు, మార్పిడులు వినియోగ దశలోకి వస్తాయి. కూల్చివేత, శిథిలాల తరలింపు జీవితాంతపు దశలోకి వస్తాయి. ప్రతి దశలోనూ సూత్రం ఒక్కటే. వాడిన సామగ్రి పరిమాణాన్ని, ఆ సామగ్రి యూనిట్‌కు వెలువడే కర్బనంతో గుణించి, వచ్చిన మొత్తాలను కూడాలి.

ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం నివేదికల ప్రకారం ప్రపంచంలో ఇంధన వినియోగం, పారిశ్రామిక ప్రక్రియల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో మూడో వంతుకు పైగా భవనాలు, నిర్మాణ రంగానిదే. ఈ కారణంగానే కొన్ని దేశాలు లెక్కింపును చట్టబద్ధం చేశాయి. నెదర్లాండ్స్ 2013లోనే కొత్త ఇళ్లకు సామగ్రి ప్రభావ మదింపును తప్పనిసరి చేసింది. ఫ్రాన్స్ 2022 జనవరిలో, డెన్మార్క్ 2023 జనవరిలో భవనాల జీవితకాల కర్బనానికి పరిమితులు అమలులోకి తెచ్చాయి. మన రాష్ట్రానికీ ఈ రంగంలో గుర్తుంచుకోదగ్గ స్థానం ఉంది. హైదరాబాదులో 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలాం ప్రారంభించిన సి.ఐ.ఐ. సోహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రం, అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం. ఆనాటి హరిత భవనాల చర్చ ప్రధానంగా విద్యుత్తు, నీటి ఆదా చుట్టూ సాగింది. ఇప్పుడా చర్చ గోడలోని ఇటుక, స్లాబులోని సిమెంటు వరకు వచ్చింది.

మట్టి మిద్దె నుంచి ఆర్.సి.సి. స్లాబు వరకు

పూర్వపు పాలమూరు జిల్లాలో సామాన్యుల ఇళ్లు రాయి, మట్టి, కలపతో కట్టినవే. రాతి గోడలు, కర్ర దూలాలపై మట్టి మిద్దెలు, గూనపెంకుల కప్పులు ఈ ప్రాంతపు పాత గ్రామాల్లో నేటికీ కనిపిస్తాయి. వీటి సామగ్రి చాలావరకు ఊరి పొలిమేరలోనే దొరికేది. బట్టీలో కాల్చవలసినవి పెంకులు, సున్నం మాత్రమే కావడంతో అంతర్నిహిత కర్బనం అత్యల్పంగా ఉండేది.

అయితే ఆ ఇళ్లను ఆదర్శంగా చూపి పేదలకు పక్కా ఇల్లు అక్కరలేదనడం న్యాయం కాదు. మట్టి మిద్దెకు ఏటా వానాకాలానికి ముందు మరమ్మతు చేయాలి. దూలాలకు చెదలు పడతాయి. ఎడతెగని వానలకు తడిసిన మట్టిగోడలు కూలి ప్రాణాలు పోయిన సంఘటనలు రాష్ట్రంలో వానాకాలంలో తరచుగా వార్తలకెక్కుతూనే ఉన్నాయి. కర్బనపు లెక్క ఉద్దేశం పక్కా ఇంటిని నిరాకరించడం కాదు. అంతే గట్టి ఇంటిని తక్కువ భారంతో, వీలైతే తక్కువ ఖర్చుతో కట్టే మార్గాన్ని చూపడమే దాని ప్రయోజనం.

2006లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఇందిరమ్మ కార్యక్రమం, తెలంగాణ ఏర్పడిన తర్వాత 560 చదరపు అడుగుల విస్తీర్ణంతో చేపట్టిన రెండు పడక గదుల ఇళ్లు, ప్రస్తుత పథకం క్రమంగా సిమెంటు, ఇనుము ఆధారిత నిర్మాణాన్ని పల్లెలకు విస్తరింపజేశాయి. కల్వకుర్తికి వచ్చే సామగ్రి మార్గాలు కూడా మారాయి. సిమెంటు ఇటు కృష్ణా తీరంలోని ఉమ్మడి నల్లగొండ సున్నపురాతి ప్రాంతం నుంచో, అటు తాండూరు వైపు నుంచో రావాలి. కంకర సమీపంలోని క్రషర్ల నుంచి, ఇసుక దుందుభి వంటి వాగుల నుంచి లభిస్తుంది. అంటే బరువైన సామగ్రి దగ్గరలోనే ఉంది. కర్బన భారం ఎక్కువగా ఉన్నది మాత్రం దూరం నుంచి వస్తున్నది.

ఒక ఇంటి అంచనా

పద్ధతి అర్థం కావడానికి 500 చదరపు అడుగుల, అనగా సుమారు 46 చదరపు మీటర్ల ఒక అంతస్తు ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. ఇది ఏ ఒక్క లబ్ధిదారుని ఇంటికీ సంబంధించిన కొలత కాదు. క్షేత్రస్థాయిలో ఇంజనీర్లు, మేస్త్రీలు వాడే స్థూల సూత్రాల ఆధారంగా వేసిన నమూనా లెక్క మాత్రమే. గోడలు ఇటుకవి, పైకప్పు ఆర్.సి.సి. స్లాబు అని భావిద్దాం.

సిమెంటు: చదరపు అడుగుకు 0.4 బస్తా చొప్పున 200 బస్తాలు, అంటే 10 టన్నులు అవసరమవుతుంది. బూడిద కలిపిన పొజొలానా సిమెంటుకు టన్నుకు 0.6 టన్ను చొప్పున తీసుకుంటే 6 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.

ఇనుప కడ్డీలు: చదరపు అడుగుకు 3 కిలోల చొప్పున 1.5 టన్నులు. మన దేశంలో టన్ను ఉక్కు తయారీకి సగటున సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతున్నందున ఈ పద్దు 3.75 టన్నులు.

ఇటుకలు: బయటి గోడలు తొమ్మిది అంగుళాలు, లోపలి అడ్డుగోడలు నాలుగున్నర అంగుళాలుగా తీసుకుంటే సుమారు 9,000 ఇటుకలు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు బి.వి. వెంకటరామరెడ్డి, కె.ఎస్. జగదీశ్ 2003లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఒక కాల్చిన ఇటుకకు 4.25 మెగా జౌళ్ల శక్తి అవసరం. ఆ శక్తి బొగ్గు నుంచి వస్తే ఇటుకకు దాదాపు 0.4 కిలో చొప్పున మొత్తం 3.6 టన్నులు.

ఇసుక, కంకర: రెండూ కలిపి 50 టన్నులు. తవ్వకం, పొడి చేయడానికి టన్నుకు 5 కిలోల చొప్పున 0.25 టన్ను.

రవాణా: ఇటుకలు 50 కిలోమీటర్లు, ఇసుక, కంకర 30 కిలోమీటర్లు, సిమెంటు 200 కిలోమీటర్ల నుంచి పది టన్నుల లారీలలో వచ్చి, లారీలు ఖాళీగా తిరిగి వెళ్తాయనుకుంటే సుమారు 250 లీటర్ల డీజిలు ఖర్చవుతుంది. లీటరుకు 2.7 కిలోల చొప్పున ఈ పద్దు 0.67 టన్ను.

మొత్తం 14.27 టన్నులు. చదరపు మీటరుకు 300 కిలోల పైచిలుకు. తలుపులు, కిటికీలు, టైల్స్, రంగులు, విద్యుత్ సామగ్రి ఈ లెక్కలో లేవు. అవి చేరితే మొత్తం మరికొంత పెరుగుతుంది.

ఈ అంకెలలో మూడు విషయాలు గమనించదగ్గవి. మొదటిది, బరువులో సింహభాగం ఇసుక, కంకర, ఇటుకలదే అయినా, పదకొండున్నర టన్నుల సిమెంటు, ఇనుము కలిసి కర్బనంలో మూడింట రెండు వంతులకు పైగా ఆక్రమిస్తున్నాయి. రెండవది, రవాణా వాటా ఇరవయ్యో వంతుకు మించలేదు. స్థానిక సామగ్రి వాడకం మంచిదే. అయితే ఏ సామగ్రి వాడుతున్నామన్నది ఎంత దూరం నుంచి తెస్తున్నామన్న దానికంటే ముఖ్యం. మూడవది, ఇదే ఇంటికి పొజొలానా సిమెంటు బదులు టన్నుకు 0.9 టన్ను వెలువరించే సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడితే మొత్తం ఒక్కసారిగా 3 టన్నులు పెరుగుతుంది. ఇంటి రూపురేఖల్లో ఏ మార్పూ లేకుండా, కేవలం బస్తా మీది రకం మారినందువల్ల వచ్చే తేడా ఇది.

సిమెంటు భారానికి కారణం బొగ్గు ఒక్కటే కాదు. సున్నపురాయిని వేడి చేసినప్పుడు ఆ రాతిలోని కార్బన్ డయాక్సైడే విడుదలవుతుంది. టన్ను క్లింకరుకు సుమారు అర టన్ను ఇలా రాతి నుంచే వస్తుంది. బట్టీలో ఏ ఇంధనం వాడినా ఈ భాగం తగ్గదు. క్లింకరు వాటాను తగ్గించడమే మార్గం. అందుకే బూడిద, స్లాగు కలిపిన సిమెంట్లకు ప్రాధాన్యం ఏర్పడింది.

జీవితకాలంతో కలిపి చూస్తే

కల్వకుర్తి నియోజకవర్గంలోని 3,500 ఇళ్లకు ఈ నమూనా లెక్కను వర్తింపజేస్తే దాదాపు 50 వేల టన్నులు అవుతుంది. రాష్ట్రవ్యాప్తంగా 4 లక్షల 50 వేల ఇళ్లకు 64 లక్షల టన్నుల వరకు రావచ్చు. ఇవి స్థాయిని తెలిపే అంచనాలే తప్ప కొలిచి తేల్చిన ఫలితాలు కావు.

మరి ఇంటి వినియోగ కర్బనంతో పోలిస్తే ఈ భారం ఎంత? నెలకు 100 యూనిట్లు వాడే కుటుంబం ఏడాదికి 1,200 యూనిట్లు వాడుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం దేశంలో యూనిట్‌కు సుమారు 0.72 కిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. ఆ లెక్కన ఏడాదికి 864 కిలోలు. విద్యుత్తు ఇదే విధంగా కొనసాగితే 50 ఏళ్లలో 43 టన్నులు. అప్పుడు రెండింటి మొత్తంలో నిర్మాణ వాటా నాలుగో వంతు మాత్రమే.

అయితే విద్యుత్తు ఇదే విధంగా కొనసాగదు. 2021 నవంబరులో గ్లాస్గో సదస్సులో భారతదేశం 2070 నాటికి నికర శూన్య ఉద్గారాల లక్ష్యాన్ని ప్రకటించింది. విద్యుత్ ఉద్గారాలు అప్పటికి క్రమంగా సున్నాకు చేరతాయని భావిస్తే, 2025లో కట్టిన ఇంటి వినియోగ కర్బనం 45 ఏళ్లలో సుమారు 19 టన్నులకు పరిమితమవుతుంది. నిర్మాణ వాటా 42 శాతానికి పెరుగుతుంది. నెలకు 50 యూనిట్లతో సరిపెట్టుకునే కుటుంబం విషయంలో అది 60 శాతానికి చేరుతుంది. అంటే తక్కువ విద్యుత్తు వాడే పేద కుటుంబపు ఇంటిలో నిర్మాణ దశే ప్రధానం.

ఇక్కడ కాలం పాత్రను ప్రత్యేకంగా గుర్తించాలి. విద్యుత్తు వల్ల రాబోయే కర్బనాన్ని సౌర ఫలకాలతో, మెరుగైన ఫ్యాన్లతో రేపైనా తగ్గించవచ్చు. స్లాబు పోసిన సాయంత్రానికి అందులోని సిమెంటు, ఇనుముల కర్బనం ఖర్చయిపోయి ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకునే మార్గం దాదాపుగా లేదు. కాంక్రీటు, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంతమేర తిరిగి పీల్చుకుంటాయి. కానీ అది ఏళ్ల తరబడి నెమ్మదిగా జరిగే చర్య. పైగా కాంక్రీటులో అది లోతుగా చేరితే లోపలి కడ్డీలకు తుప్పు పట్టే ప్రమాదం ఉంది.

ఇంటి ఆయుర్దాయం మరో కీలకాంశం. 14.27 టన్నులను 50 ఏళ్లకు పంచితే ఏడాదికి 285 కిలోలు. అదే ఇల్లు 25 ఏళ్లకే శిథిలమైతే ఏడాదికి 571 కిలోలు. తక్కువ సామగ్రితో కట్టి త్వరగా కూలిపోయే ఇల్లు ఏ లెక్కన చూసినా నష్టమే. కడ్డీకి తగినంత కాంక్రీటు కప్పు ఉండేలా చూడటం, నీళ్ల పాళ్లు మించకుండా కలపడం, సరిపడా రోజులు నీళ్లు పట్టడం అన్నింటికంటే చౌకైన కర్బన నియంత్రణ చర్యలు.

తగ్గించే మార్గాలు, వాటి హద్దులు

పైన పేర్కొన్న 2003 పరిశోధన మార్గాన్ని కూడా సూచించింది. ఆర్.సి.సి. ఫ్రేముతో కట్టిన బహుళ అంతస్తుల భవనానికి చదరపు మీటరుకు 4.21 గిగా జౌళ్లు, ఇటుక గోడలే బరువు మోసే సంప్రదాయ రెండంతస్తుల ఇంటికి 2.92 గిగా జౌళ్లు, సిమెంటు కలిపిన మట్టి దిమ్మెల వంటి ప్రత్యామ్నాయాలు వాడిన రెండంతస్తుల ఇంటికి 1.61 గిగా జౌళ్లు పట్టినట్లు ఆ పరిశోధకులు లెక్కగట్టారు. సంప్రదాయ ఇంటితో పోలిస్తే చివరిది 45 శాతం తక్కువ.

మన నమూనా ఇంటికి దీన్ని అన్వయిద్దాం. ఇటుకల స్థానంలో 6 శాతం సిమెంటుతో యంత్రంపై నొక్కిన మట్టి దిమ్మెలు వాడితే గోడల భారం 3.6 టన్నుల నుంచి సుమారు 1 టన్నుకు తగ్గుతుంది. స్లాబు అడుగు భాగంలో, కాంక్రీటు పెద్దగా పనిచేయని చోట పెంకులు పేర్చే ఫిల్లర్ స్లాబు పద్ధతితోనూ, గిలాబు తగ్గించడంతోనూ 20 బస్తాల సిమెంటు, 200 కిలోల ఇనుము ఆదా అవుతాయనుకుంటే మరో 1.1 టన్నులు తగ్గుతుంది. మొత్తం మీద 3.7 టన్నులు, అంటే నాలుగో వంతు భారం దిగుతుంది. నియోజకవర్గంలోని 3,500 ఇళ్లకు ఇది 13 వేల టన్నులతో సమానం.

అయితే ప్రతి మార్గానికీ ఒక షరతు ఉంది. మట్టి దిమ్మెలకు ఇసుక పాలు ఎక్కువగా ఉండే ఎర్ర నేలలు అనుకూలం. పాలమూరు ప్రాంతపు చల్క నేలలు ఇందుకు పనికివచ్చే అవకాశం ఉన్నా, ప్రతి చోటా మట్టిని పరీక్షించాలి. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే నల్లరేగడి సిమెంటు దిమ్మెలకు తగదు. ఫిల్లర్ స్లాబుకు అనుభవం ఉన్న మేస్త్రీ, ఇంజనీరు పర్యవేక్షణ తప్పనిసరి. దేశమంతటా ప్రాజెక్టుల నిర్మాణంలో పాలమూరు కూలీల శ్రమ ప్రసిద్ధమైనది. ఆ నైపుణ్యానికి కొత్త పద్ధతుల్లో శిక్షణ తోడు కావాలి. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థకు చెందిన గ్రామీణ సాంకేతిక పార్కులో ఇటువంటి పద్ధతులతో కట్టిన నమూనా ఇళ్లను చూసే వీలుంది. హైదరాబాదులోని జాతీయ నిర్మాణ అకాడమీ మేస్త్రీలకు శిక్షణ ఇస్తోంది.

మిశ్రమ సిమెంటు విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఐ.ఎస్. 456:2000 ప్రకారం సాధారణ సిమెంటు కాంక్రీటుకు కనీసం 7 రోజులు, బూడిద వంటివి కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు నీళ్లు పట్టాలి. పొడి, వేడి వాతావరణంలో ఏ సిమెంటుకైనా 10 రోజులకు తగ్గకూడదు. మిశ్రమ సిమెంటుకు ఆ గడువును 14 రోజులకు పొడిగించడం మంచిదని ప్రమాణం సిఫారసు చేస్తోంది. పల్లెల్లో ఇళ్ల పనులు ముమ్మరంగా సాగేది వేసవిలో. నీటికి కటకట ఏర్పడేదీ అప్పుడే. తక్కువ కర్బన సిమెంటు కొని, మూడు రోజులు నీళ్లు చల్లి వదిలేస్తే స్లాబు బలహీనపడుతుంది. ఆదా చేసిన కర్బనం, డబ్బు రెండూ మరమ్మతుల రూపంలో తిరిగి ఖర్చవుతాయి. కనుక సిమెంటు రకంతో పాటు నీటి ఏర్పాటును కూడా నిర్మాణ ప్రణాళికలో చేర్చాలి. గోనె సంచులు కప్పడం, స్లాబుపై మళ్లు కట్టి నీరు నిలపడం నీటిని పొదుపుగా వాడే పద్ధతులే.

బూడిద లభ్యత విషయానికి వస్తే, దామరచర్ల వద్ద యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, కర్ణాటకలోని శక్తినగర్ వద్ద రాయచూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం ఈ ప్రాంతానికి చేరువలో ఉన్నాయి. బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదను పూర్తిగా వినియోగించాలని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2021 డిసెంబరు 31న నోటిఫికేషన్ జారీ చేసింది. కాల్చిన మట్టి, సున్నపురాయి పొడి కలిపి క్లింకరు వాటాను ఇంకా తగ్గించే కొత్త తరహా సిమెంటుకు భారత ప్రమాణాల సంస్థ 2023లో ఐ.ఎస్. 18189 ప్రమాణాన్ని విడుదల చేసింది. ఉక్కు విషయంలో, టన్నుకు 2.2 టన్నుల కంటే తక్కువ ఉద్గారాలతో తయారైన దాన్నే హరిత ఉక్కుగా గుర్తిస్తామని కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ 2024 డిసెంబరులో ప్రకటించింది. ఇవి మార్కెట్లో విస్తరించే కొద్దీ కొనుగోలుదారుకు ఎంపిక సులభమవుతుంది.

అంకెను ప్రచురించే ముందు

ఇళ్ల కర్బనంపై వెలువడే అంకెలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం తరచుగా కనిపిస్తుంది. అంకె తప్పు కాకపోయినా, దాని వెనుక ఉన్న హద్దులు వేరు కావచ్చు. కనుక ఏ అంచనానైనా స్వీకరించే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మేలు.

ఒకటి, ఏయే దశలను లెక్కించారు? సామగ్రి తయారీ వరకేనా, కూల్చివేత దాకానా? రెండు, ఇంటి ఆయుర్దాయం ఎంతగా భావించారు? మూడు, సామగ్రి ఉద్గారాల విలువలు ఎక్కడివి? విదేశీ పట్టికలోని ఇటుక విలువ ఊక, కట్టెలతో కాల్చే మన బట్టీకి సరిపోదు. తుక్కు కరిగించి తీసిన కడ్డీకి, బొగ్గుతో తయారైన స్పాంజ్ ఐరన్ నుంచి వచ్చిన కడ్డీకి మధ్య కర్బనంలో ఎంతో అంతరం ఉంటుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. నాలుగు, అంకె ఇంటికా, చదరపు మీటరుకా, నివసించే మనిషికా? చదరపు మీటరు లెక్కన విశాలమైన భవనం మెరుగ్గా కనిపించవచ్చు. అయిదుగురు నివసించే 500 చదరపు అడుగుల ఇంట్లో మనిషికి వచ్చే భారం 3 టన్నుల లోపే.

చివరి ప్రశ్న న్యాయానికి సంబంధించినది కూడా. పేదల ఇళ్ల సంఖ్య పెద్దది కనుక వాటి మొత్తం భారం పెద్దగా కనిపిస్తుంది. అవి తీర్చేది మాత్రం కనీస అవసరాన్ని. కర్బనాన్ని కుదించే బాధ్యతను ఆ ఇళ్లపైనే మోపి, నగరాల్లోని విశాల నిర్మాణాలను లెక్కలోకి తీసుకోకపోతే అంచనా పరమార్థమే దెబ్బతింటుంది.

ఉన్న రికార్డులే ఆధారం

ఈ లెక్కకు కొత్త యంత్రాంగం అక్కరలేదు. ఇందిరమ్మ ఇళ్ల సహాయం పునాది, గోడలు, పైకప్పు, ఇల్లు పూర్తి కావడం అనే దశల వారీగా విడుదలవుతుంది. ప్రతి దశలో క్షేత్రస్థాయి సిబ్బంది ఇంటిని పరిశీలిస్తారు. అదే సమయంలో వాడిన సిమెంటు రకం, బస్తాల సంఖ్య, కడ్డీల బరువు, గోడల సామగ్రి అనే నాలుగు వివరాలను నమోదు చేస్తే ఇంటి అంతర్నిహిత కర్బనంలో పదింట తొమ్మిది వంతుల భాగం తేలుతుందని పై ఉదాహరణ సూచిస్తోంది. కల్వకుర్తి మండలంలోని కొన్ని గ్రామాల నుంచి ఇటువంటి వివరాలు సేకరించినా, స్థూల సూత్రాల స్థానంలో స్థానిక వాస్తవాలు వచ్చి చేరతాయి. ఎక్కువ సిమెంటు ఎక్కడ వృథా అవుతోందో కూడా తెలుస్తుంది. అది కర్బనం కంటే ముందు లబ్ధిదారుని జేబుకు మేలు చేసే సమాచారం.

అంచనా పత్రం తయారయ్యే రోజున ఇంజనీరు రాసే ఒక్క పంక్తి, అంటే ఏ సిమెంటు, ఎన్ని బస్తాలు, ఏ గోడ అన్న వివరం, రానున్న యాభై ఏళ్లకు ఆ ఇంటి కర్బన భారంలో పెద్ద భాగాన్ని ముందే నిర్ణయిస్తుంది. ఈనాడు కట్టే ఇల్లు 2070 తర్వాత కూడా నిలిచి ఉండవలసినది. కనుక ఈ లెక్క గృహప్రవేశం తర్వాత వేసేది కాదు, ముగ్గు పోసే నాటికే సిద్ధంగా ఉండవలసినది.